ఇప్పసారాకు మార్కులు ఎవరు వేయాలి?



పోస్టు కొంచెం పొడుగు. సగం చదివి కామెంట్ పెట్టొద్దని ముందే మనవి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాం. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. తాగుడు వల్ల మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు పాడయ్యాయో మాకు తెల్సు, అందులో మా ఇళ్లు కూడా ఉన్నాయి. 21 ఏళ్లు నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని మన చెట్టు గురించి, మన అవ్వల తెలివి గురించి రాసిన పోస్టుగా చదువుకోండి.

మేము ఐదుగురం. భద్రాచలం ఏజెన్సీలో ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివాం. ఇప్పుడు పట్నంలో ఒకే రూములో ఉంటూ పోటీ పరీక్షలకు తయారవుతున్నాం. ఒక రాత్రి చదువు పక్కన పెట్టి ఫోన్‌లో ఒక వీడియో చూశాం. అమెరికాలో ఒక పెద్దమనిషి టేబుల్ ముందు కూర్చున్నాడు. ముందు ఒక సీసా, ఒక చిన్న గ్లాసు. అరగంట సేపు ఆయన చేసిందల్లా ఒకటే, గుక్కెడు బోర్బన్ విస్కీ రుచి చూసి దానికి మార్కులు వేయడం.

బోర్బన్ అంటే ఏంటో మాకూ అప్పటిదాకా సరిగ్గా తెల్వదు. తర్వాత చదివి తెలుసుకున్నాం. అమెరికా చట్టం ప్రకారం ఏది పడితే అది బోర్బన్ కాదు. వేసే గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చి బొగ్గు పట్టించిన కొత్త ఓక్ చెక్క పీపాలో పెట్టాలి. బయటి రంగు, బయటి రుచి కలపకూడదు. ప్రూఫ్ అనేది ఘాటు లెక్క, అక్కడ ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. అంటే 100 ప్రూఫ్‌లో సగం ఆల్కహాలే. పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ దాటకూడదని కూడా రాసి ఉంది. మొక్కజొన్న కాక మిగతా గింజల్లో ఎక్కువమంది రై అనే ధాన్యం వేస్తారు, అది ఘాటునిస్తుంది. దాని బదులు గోధుమ వేస్తే కొంచెం మెత్తగా, తియ్యగా వస్తుందంటారు. అదే గోధుమ బోర్బన్. మేకర్స్ మార్క్ అనే పేరున్న సరుకులో 70 శాతం మొక్కజొన్న, 16 శాతం గోధుమ, 14 శాతం మొలకెత్తించిన బార్లీ.

వీడియోలో ఉన్నది అలాంటి గోధుమ బోర్బనే, అందులోనూ నీళ్లు కలపకుండా పీపాలోంచి తీసింది తీసినట్టు సీసాకెక్కించిన రకం. ఈ రకానికి అక్కడ పెద్ద గౌరవం. లార్సెనీ బ్యారెల్ ప్రూఫ్ అనే దాన్ని 2020లో విస్కీ అడ్వొకేట్ అనే పత్రిక ఆ ఏడాది మేటి విస్కీగా ఎంచింది. అది 122.2 ప్రూఫ్, అంటే 61.1 శాతం ఆల్కహాల్. మన దగ్గర షాపులో అమ్మే బ్రాందీ, విస్కీ సీసా మీద ఉండేది 42.8 శాతం. తేడా మీరే చూడండి.

ఆ పెద్దమనిషి ముందు వాసన చూశాడు. "కాల్చిన చక్కెర, రొట్టె అంచు, దాల్చినచెక్క" అన్నాడు. చిన్న గుక్క తీసుకుని నోట్లోనే ఉంచాడు. మింగాక ఎంతసేపు వెచ్చదనం నిలిచిందో చూశాడు. రెండు చుక్కల నీళ్లు పోసి, మళ్లీ వాసన చూసి, "ఇప్పుడు విచ్చుకుంది" అన్నాడు. చివర్లో పదికి ఎనిమిదిన్నర వేశాడు.

మేము నవ్వాం. గుక్కెడు సారాకి ఇంత తతంగమా అని. అప్పుడు మాలో ఒకడు అన్నాడు: "మా అవ్వ కూడా అచ్చం ఇట్లే చేస్తది కదరా."

నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే నిజమే.

అవ్వ చెప్పిన రెండు మాటలు

ఇప్ప పువ్వు సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారకముందే రాలడం మొదలవుతుంది. చెట్టు కింద ముందే ఊడ్చి పెట్టుకుంటాం. ఎలుగు రాకముందే పోవాలని పెద్దలు తొందరపెడతారు. బుట్టల్లో ఏరుకొచ్చి, వాకిట్లో పరిచి, గోధుమ రంగుకు తిరిగేదాకా ఎండబెడతాం. కొంత అమ్ముతాం, కొంత వండుకుంటాం, కొంత దాస్తాం. పండక్కి ఆ దాచిన పువ్వునే నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి, గొట్టం కట్టి కాస్తారు. వచ్చిన దాంట్లో మొదటిది మనది కాదు. పెద్దలకు, దేవతలకు సాక పోశాకే ఎవరైనా ముట్టాలి.

వాడు చెప్పిన సంగతి ఇది. ఒక ఏడు వాళ్లవ్వ పువ్వు కాలమంతా కూతురి ఊళ్లో ఉంది. పండగ నాటికి తిరిగొచ్చింది. కోడళ్లు కాచిన సారా దొప్పలో పోసి ఇచ్చారు. అవ్వ వాసన చూసింది. రెండు వేళ్ల మధ్య చుక్క పోసుకుని రుద్దింది. నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకుంది. తర్వాత రెండే మాటలు అన్నది: "పువ్వు తడిసింది."

నిజంగానే ఆ ఏడు పువ్వు ఆరబెట్టినప్పుడు రెండు రోజులు అకాల వాన పడింది. అవ్వ ఆ వాన చూడలేదు. ఎవరూ చెప్పలేదు. నాలికతో కనిపెట్టింది. "ఇది పెద్దలకు పోయొద్దు. మళ్లీ కాయండి" అని దొప్ప పక్కన పెట్టేసింది.

ఇది రేటింగ్ కాకపోతే ఇంకేంటి? అమెరికా పెద్దమనిషి చెప్పింది ఆయన నోటికి ఎలా ఉందో. మా అవ్వ చెప్పింది పువ్వుకు ఏం జరిగిందో, ఆ సారా ఏ పనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో.

ఆ రాత్రే ఇళ్లకు ఫోన్లు చేసి, అవ్వలను, పెద్దమ్మలను అడిగి ఈ మాటలు రాసుకున్నాం. "పచ్చిగా ఉంది" అంటే పువ్వు పూర్తిగా పులవకముందే పొయ్యెక్కించారని. "పులుపెక్కింది" అంటే పొయ్యెక్కించడం ఆలస్యమైందని. "మాడింది" అంటే మంట ఎక్కువై పువ్వు కుండ అడుగంటిందని. "పొగ పట్టింది" అంటే కుండల మధ్య సందు సరిగ్గా మెత్తలేదని. "నీళ్లు కొట్టింది" అంటే ఆపాల్సిన చోట ఆపకుండా చివరి ధార కూడా కలిపేశారని. ఒక్కో మాట వెనుక ఒక్కో తప్పు, ఆ తప్పు దిద్దుకునే దారి ఉన్నాయి. ఈ మాటలు ఏ పుస్తకంలోనూ మాకు కనబడలేదు. ఫోన్ ఎత్తిన ఆ ముసలివాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఘాటు చూసే పద్ధతి కూడా ఉంది. చారెడు తీసి పొయ్యిలో చల్లుతారు. భగ్గుమంటే గట్టిది, సుయ్యిమంటే నీళ్లది. ప్రూఫ్ అనే మాట ఎట్లా వచ్చిందని వెతికితే ఏం తెలిసిందో తెల్సా? వెనకటికి ఇంగ్లండులో సారాతో తుపాకీ మందును తడిపి నిప్పు పెట్టేవారట. అంటుకుంటే గట్టిదని రుజువు. ఆ రుజువే ప్రూఫ్. అదే నిప్పు, అదే పరీక్ష. వాళ్లది కొలత అయ్యింది, మనది మూఢత్వం అయ్యింది.

రెండు తిరుగుబాట్లు

ఇది అదృష్టం సంగతి కాదు, చట్టం సంగతి. అందుకే కొంచెం చరిత్ర.

అమెరికాలో విస్కీ మొదట్లో రైతుల ఇంటి సరుకే. పండిన గింజలు కొండలు దాటించి అమ్మలేక విస్కీ కాసేవారు. 1791లో అక్కడి ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేసింది. పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు. 1794లో స్వయంగా జార్జ్ వాషింగ్టన్ సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చి అణిచాడు. కానీ 1802లో ఆ పన్ను ఎత్తేశారు. 1964లో అమెరికా కాంగ్రెస్ బోర్బన్ తమ దేశపు ప్రత్యేకమైన సరుకు అని తీర్మానం చేసింది. ఈ రోజు కెంటకీకి జనం బస్సులు కట్టుకుని పోయి బట్టీలు చూసొస్తున్నారు.

మన గోదావరి కొండల్లో 1879లో రంప పితూరీ జరిగింది. కోయలు, కొండరెడ్లు లేచారు. దాని వెనుక కారణాల్లో ముఖ్యమైనది కల్లు. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం మీద కూడా ఆంక్షలు పెట్టారు, మన్సబుదారు చిగురుపన్ను వేశాడు, కల్లు గుత్తలు మైదానం వాళ్ల చేతికి పోయాయి. ఆ పితూరీని కూడా సైన్యంతోనే అణిచారు. అటు బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఏకంగా ఇప్ప పువ్వు మీదే చట్టం తెచ్చారు.

అక్కడా ఇక్కడా మొదలు ఒకటే, తాగే వస్తువు మీద పన్ను, దాని మీద తిరుగుబాటు, దాని మీద సైన్యం. ముగింపు మాత్రం వేరు. వాళ్ల సారా వారసత్వం అయ్యింది. మన సారా కేసు అయ్యింది.

మా ఊళ్లలో ఒక పెద్దమ్మ ఉంది. బిడ్డ పెళ్లి ముందు దాడి చేసి కుండలు పగలగొట్టారు. నానబెట్టిన పువ్వంతా వాకిట్లో పారబోశారు. ఆమె మీద కేసు పెట్టారు. వాయిదాలకు తిరగడానికి బస్సు ఖర్చులకే మేకలు అమ్మింది. ఆ రోజు పారబోసిన దాంట్లో నల్లబెల్లం ముక్క లేదు, పటిక లేదు, నవసాగరం లేదు. కాయితంలో మాత్రం రాసింది "నాటుసారా" అనే ఒకే మాట.

గుడుంబా వేరు, ఇప్ప వేరు, కానీ బాధ ఒకటే

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. నల్లబెల్లం, పటిక, నవసాగరం కలిపి రెండ్రోజుల్లో దించే గుడుంబా మన ఆచారం కాదు. అది వ్యాపారం. కానీ ఆ వ్యాపారం మన ఊళ్లలోకి వచ్చింది, మనవాళ్లు కూడా చేశారు, మనవాళ్లే చచ్చారు. ఇప్పసారా అని చెప్పి బెల్లం నీళ్లు అమ్మేవాళ్లూ ఉన్నారు. కాబట్టి "మా సంస్కృతి" అనే మాటను ప్రతి కుండకూ కప్పొద్దు.

స్వచ్ఛమైన ఇప్పసారా అయినా రోజూ తాగితే మనిషిని తినేస్తుంది. మొదటి ధార తాగకుండా నేలకు పోసే అలవాటులో తెలివి ఉంది. ముందుగా ఆవిరయ్యే చెడు పదార్థాలు ఆ ధారలోనే ఎక్కువగా వస్తాయి. అట్లని ఆచారం ఉన్న ప్రతి కుండా క్షేమం అనుకోవద్దు.

సారా మీద ఆడవాళ్లు చేసిన పోరాటాన్ని మేము తక్కువ చెయ్యం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా అమ్మకం ఆగింది. అది కూలి డబ్బంతా పాకెట్ సారాకు పోతుంటే చూడలేక లేచిన ఆడవాళ్ల విజయం. మా అమ్మలు ఈ పోస్టు చదివితే "ముందు మీ నాన్నకు చెప్పండిరా" అంటారని కూడా తెల్సు. వాళ్లన్నది నిజమే. కానీ ఒకటి గమనించండి. ఇప్పుడు మన ఊళ్లలో మగవాళ్ల కూలి ఎక్కువగా పోతున్నది బెల్టు షాపుకు. పండక్కి ఒకసారి కాచే అవ్వ కుండ పగిలింది, రోజూ తెరిచే బెల్టు షాపు మాత్రం పగల్లేదు.

పేరు ఎవరిది?

ఈ మధ్య గాలి మారుతోంది. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, అలీరాజ్‌పూర్, డిండోరి జిల్లాల్లో ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత కాయించింది. మన చిత్తూరు జిల్లాలోనే బట్టీ ఉన్న ఒక కంపెనీ 2018లో ఇప్ప పువ్వుతో మద్యం చేసి గోవాలో అమ్మకానికి పెట్టింది. అది చట్టప్రకారం, శ్రద్ధగా చేసిన పనే. వాళ్లతో మాకు తగాదా లేదు. మా ప్రశ్న మనకే. అదే పువ్వు కంపెనీ సీసాలో ఉంటే వాసన చూసి మార్కులు వేస్తారు, పెద్దమ్మ కుండలో ఉంటే పారబోస్తారు. ఈ రెంటి మధ్య మనం ఎక్కడ ఉన్నాం?

అమెరికా కథలోనే ఇంకో పాఠం ఉంది. జాక్ డేనియల్ పేరు మీరంతా విన్నారు. ఆ జాక్‌కు విస్కీ కాయడం నేర్పింది నియరెస్ట్ గ్రీన్ అనే నల్లజాతి మనిషి. అప్పట్లో ఆయన బానిస. సీసా మీద జాక్ పేరు వంద ఏళ్లకు పైగా ఉంది. గ్రీన్ పేరును కంపెనీ లోకానికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది 2016లో. ఇప్ప విషయంలో మా భయం అదే. మార్కులు వస్తాయి, సీసాలు వస్తాయి, ఖరీదు వస్తుంది. "పువ్వు తడిసింది" అని చెప్పగలిగిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

మేము వేసిన మార్కులు

కొత్తల పండక్కి ఊరు పోయినప్పుడు మేము కూడా ఆ వీడియోలాగే చేసి చూశాం. సాక పోశాక, పూజారి సరే అన్నాక, నలుగురం తలా ఒక చిన్న దొప్ప తీసుకున్నాం. ఐదోవాడు తాగడు, వాడే పెన్ను పట్టాడు. వాసన: ఎండుద్రాక్ష, కొంచెం పొగ, వాన పడ్డ మట్టి. నోట్లో: ముందు మంట, వెనకే సన్నని తీపి. మింగాక: నాలిక చివర చిన్న చేదు, ఛాతీలో చాలాసేపు వెచ్చదనం. పదికి ఏడున్నర అని రాశాం.

అవ్వకు చదివి వినిపించాం. అంతా విని అడిగింది: "ఏడున్నర ఎవరికిరా? చెట్టుకా, ఏరినోళ్లకా, కాచినదానికా?"

మా దగ్గర జవాబు లేదు. పెన్ను పట్టినవాడు ఏడున్నర కొట్టేసి, మూడు గీతలు గీసి, అవ్వనే చెప్పమన్నాడు. చెట్టు: వాగు పక్కది, పువ్వు బరువైనది, మంచిది. ఏరడం: ఇసుక కలవలేదు, మంచిది. కాయడం: చివర్లో మంట ఎగేశారు, అందుకే ఆ చేదు. మేము గొప్పగా "చిన్న చేదు" అని రాసుకున్నది కోడలి తొందర! కోడలు అక్కడే ఉంది. "పిల్లోడు ఏడ్చిండు అత్తా, కట్టె ఎక్కువ పెట్టేసిన" అన్నది. అందరం నవ్వుకున్నాం.

మేము అడిగేది

ఒకటి. మాటలు రాసుకుందాం. మీ ఊళ్లో అవ్వను, పెద్దమ్మను అడగండి. పువ్వును, ఎండును, పులుపును, ధారను ఏ మాటతో చెప్తారో మీ భాషలోనే రాయండి. కోయ, గోండి, కొలామి, కొండరెడ్ల మాట, ఏదైనా సరే. చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పేరు రాయండి. కాచేవాళ్ల ఫోటో మాత్రం ఎవరూ పెట్టొద్దు, కేసులు అవుతాయి.

రెండు. గ్రామసభలో మాట్లాడదాం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా అదుపు చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్తుంది. అది రెండు వైపులా పనిచేయాలి. బెల్టు షాపు వద్దని ఆడవాళ్లంటే ఆగాలి. పండగ కుండ ఎంత, ఎప్పుడు, ఎవరు అన్నది కూడా ఊరే తేల్చుకుని, రాసి, ప్రభుత్వం ముందు పెట్టాలి. ఆ సభలో ముందు మాట్లాడాల్సింది ఆడవాళ్లు. వాళ్లు అసలే వద్దంటే మేమూ వద్దనే అంటాం.

మూడు. ఇప్ప అంటే సారా ఒక్కటే కాదని మనం ముందు గుర్తుపెట్టుకోవాలి. పువ్వు తిండి, గింజ నూనె. ఉట్నూరులో మన ఆడవాళ్లు ఇప్ప పువ్వు లడ్డూ చేసి పేరు తెచ్చుకున్నారు. చెట్టు నిలిస్తేనే మిగతా మాటలన్నీ.

ఆ వీడియో పెద్దమనిషి మీద మాకు కోపం లేదు. ఒక గుక్కను అంత ఓపిగ్గా చూడటం ఆయన దగ్గర చూసే, మా ఇంట్లో అవ్వ ఏం చేస్తుందో మాకు అర్థమైంది. ఇన్నేళ్లు పక్కనే కూర్చుని గమనించలేదు. అది మా తప్పు.

మీ ఊళ్లో మాటలు కింద రాయండి. మేము రాసుకున్న నోటుబుక్కులో ఇప్పటికి రెండు పేజీలే నిండాయి. ఫోన్ ఎత్తిన అవ్వల్లో ఒకామె అప్పుడే మంచాన పడి ఉంది. మన దగ్గర ఎంత టైమ్ ఉందో చెప్పలేం.

జై ఆదివాసీ!